తొమ్మిదో బ్యాచ్ మైనం

జనవరి 27, సోమవారం

ఆరో బ్యాచ్. ఉదయం ఆరింటికి గది 30 డిగ్రీలు, సాయంత్రం ఆరింటికి 36. గంటకు అర డిగ్రీ చొప్పున, ఎక్కడా తప్పలేదు. తొలి బొట్టు రాలింది మధ్యాహ్నం రెండింటికి.

ఇవన్నీ కింద ఆఫీసు రిజిస్టరులో ఉన్నాయి. మళ్ళీ ఇక్కడెందుకు రాశానో. చేతి అలవాటు. ఆ రిజిస్టరు అందరూ చూస్తారు, ఇది ఎవరూ చూడరు. అందుకని కొన్నాను దీన్ని.

జ్వరం తగ్గి ఎనిమిది రోజులు. ముక్కు కారడం లేదు. దిబ్బడ లేదు. గాలి చక్కగా ఆడుతోంది. వాసన మాత్రం తెలియడం లేదు.

జలుబు. వారంలో పోతుంది.

జనవరి 29, బుధవారం

చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, ఎప్పుడొస్తున్నావు? పోయిన వేసవిలో వస్తానన్నావు, అంతకు ముందు వేసవిలోనూ అన్నావు."

"ఎలా వస్తానే? గదిలో బ్యాచ్ ఉంది."

"మీ మైనానికి చెమట పడుతుంటే నువ్వు విసనకర్ర పట్టుకుని కూర్చోవాలా?"

పక్కన దాని కొత్త కోడలు ఉందట. పెద్దత్తయ్యగారు ఏం పని చేస్తారని అడిగిందట. ఫోను స్పీకరులో పెట్టి, చెప్పమంది. చెప్పాను. రిఫైనరీలో నూనె తీసుకోగా మిగిలిన గోధుమరంగు ముద్ద మాకు డ్రమ్ముల్లో వస్తుంది, స్లాక్ అంటాం. మైనమే, కాని ఒళ్ళంతా నూనె. జల్లెడ బిగించిన ట్రేలలో జల్లెడ దాకా నీళ్ళు నింపి, కరిగించిన ముద్దను ఆ నీళ్ళ మీద పోస్తాం. గడ్డకట్టాక కింది నీళ్ళు వదిలేస్తే మైనం జల్లెడ మీద నిలబడుతుంది. తలుపు మూసి నలభై గంటలు మెల్లమెల్లగా వేడి చేస్తాం. నూనె చెమట పట్టినట్టు పట్టి బొట్లు బొట్లుగా కారిపోతుంది. తొందరపడితే నూనెతో పాటు మైనమూ జారిపోతుంది. నిలిచిన మైనాన్ని కరిగించి, తెల్లమట్టి కలిపి వడగడితే రంగూ వాసనా పోతాయి. ఆ తర్వాత పలకలు పోస్తాం.

"అంటే తలుపు మూసి ఉడకబెట్టడమా అత్తయ్యగారూ?" అంది పిల్ల.

"ఉడకకూడదమ్మా. ఉడకనివ్వకుండా చూడటమే పని."

ఫోను పెట్టాక, "మీ అక్కయ్యగారు కూడా ఆ గదిలోనే ఉంటారా" అని అడిగిందట. చెల్లెలు మెసేజి పెట్టి నవ్వింది.

గదిలో ఉండను. వంటింట్లో ఉంటాను. కింద కార్ఖానా, పైన ఇల్లు; గది రెండంతస్తుల ఎత్తు, వంటింటి గోడ అవతలే. పొయ్యి పక్కన గోడకు అరచేతి అంత అద్దం ఉంది, అందులోంచి లోపలి థర్మామీటరు కనిపిస్తుంది. పెళ్ళయిన ఏడో ఏట ఆయన గోడ కొట్టించి పెట్టించారు. "నీ సౌకర్యం కోసమే" అన్నారు. నిజంగానే సౌకర్యం. కూర కలుపుతూ చూడొచ్చు.

జనవరి 30, గురువారం

ఆరో బ్యాచ్ సీసా చూశాను. వాసన: 1.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ నోటుబుక్కులోనైనా ఉన్నదున్నట్టు రాయాలి.

సీసా పరీక్ష ఇరవై ఆరేళ్ళుగా నేనే చేస్తున్నాను. పలక నుంచి మైనం గీరి, గాజుసీసాలో వేసి మూత బిగించి, వంటింటి వెచ్చని గోడ దగ్గర ఒక గంట ఉంచాలి. మూత తీసి రెండు చిన్న ఊపిర్లు. వాసనే లేకపోతే సున్నా. లేశంగా ఉంటే ఒకటి. రెండు అంటే తెలుస్తుంది. మూడు అంటే ముక్కు ఒప్పుకోదు. నాలుగు అంటే మనిషి అక్కడ నిలబడలేడు. బ్రెడ్డు చుట్టే కాగితానికి వెళ్ళే మైనం ఒకటి దాటకూడదు. లారీతో పాటు నా చేతిరాతతో చీటీ వెళ్తుంది. ఆ చీటీ ఉంటే కాగితం కంపెనీ ఆయన తన దగ్గర మళ్ళీ చూడడు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. కాపురానికి వచ్చిన నెలలో కింద గోదాములోకి వెళ్ళి, "ఆ మూల పలకలు కంపు" అన్నాను. మామగారు వెళ్ళి చూస్తే అక్కడ ఒక డ్రమ్ము కారుతోంది. "ఈ ఇంటికి కోడలు కాదురా, ముక్కు వచ్చింది" అన్నారు. ఆయన పోయి పదేళ్ళయినా ఆ మాట పోలేదు. మరిది కొనేవాళ్ళ దగ్గర, "మా వదిన ముక్కుకు ఇన్సూరెన్సు చేయించాలి" అంటుంటాడు.

గురువారం సీసా మూత తీస్తే నాకు ఏమీ తెలియలేదు. ఒకటి అని రాశాను. పూర్తి అబద్ధమేమీ కాదు. మైనం ముక్కను బ్లాటింగు కాగితాల మధ్య నొక్కి చూశాను, నూనె మరక చాలా చిన్నది. రంగు తెలుపు. నూనె పోతే వాసనా పోతుంది. ఇరవై ఆరేళ్ళలో అలా కానిది నాకు గుర్తు లేదు.

ఈరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు అయిదు గిన్నెలు పెట్టుకున్నాను. కాఫీపొడి 0. వెల్లుల్లి 0. సబ్బు 0. వెనిగరు 0, కళ్ళు మాత్రం చురుక్కుమన్నాయి. కిరసనాయిలు 0.

ఫిబ్రవరి 3, సోమవారం

ఏడో బ్యాచ్. వాసన: 1.

కాఫీ 0. వెల్లుల్లి 0. సబ్బు 0. వెనిగరు 0. కిరసనాయిలు 0.

ఫిబ్రవరి 6, గురువారం

కొత్త చోటి నుంచి స్లాక్ దిగింది. నలభై డ్రమ్ములు. మామూలు కంటే నల్లగా ఉంది. మేస్త్రి మూత తీసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ట్రేలు పోసేదీ, మట్టి కలిపేదీ, లారీ ఎక్కించేదీ అన్నీ మేస్త్రే. మామగారి కాలం నుంచి ఉన్నాడు.

"ఇదేం సరుకు అమ్మగారూ, బాయిలరు కిందికి పోసేదిలా ఉంది" అన్నాడు.

"చవగ్గా దొరికిందటలే. మట్టి కొంచెం ఎక్కువ వేద్దాం" అన్నాను.

"అయ్యగారు మట్టి ఎప్పటిలాగే వేయమన్నారు."

ఆయన్ని అడిగాను. "మొదటి రెండు బ్యాచ్‌లు చూద్దాం, వాసన ఉంటే నువ్వే చెప్తావుగా" అన్నారు.

చెప్పాల్సింది. అప్పుడే చెప్పాల్సింది. అన్నం వార్చడానికి లేచాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

అయిదూ సున్నాలే. కిరసనాయిలు దగ్గర ఏదో తెలిసినట్టయింది. మళ్ళీ చూస్తే లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

కొత్త స్లాక్‌తో మొదటిది, తొమ్మిదో బ్యాచ్. మరక చిన్నది. రంగు చక్కగా వచ్చింది. కరిగే వేడి 57.

మూత తీశాను. మేస్త్రి ఎప్పటిలాగే బల్ల అవతల నిలబడి నా మొహం చూస్తున్నాడు. రెండు చిన్న ఊపిర్లు.

ఒకటి అన్నాను.

"ఒకటేనా అమ్మగారూ?"

"ఒకటే."

"మీరన్నాక సరే" అని పలకలు కట్టడానికి వెళ్ళాడు. కాగితం కంపెనీకి చీటీ రాశాను.

రాత్రి ఆయన, "ఒకటి వచ్చిందటగా" అన్నారు. అవునన్నాను. పత్రిక మడిచి పక్కన పెట్టారు. సంతోషించారనుకుంటాను.

ఫిబ్రవరి 15, శనివారం

జలుబు.

ఫిబ్రవరి 17, సోమవారం

పదో బ్యాచ్. వాసన: 1.

చెల్లెలు ఫోను. పది రోజులు రమ్మంది. తను ఇల్లు మారుతోందట, తోడుగా ఉండమంది. గదిని ఎవరు చూస్తారన్నాను. "నీ కన్నా ఆ గదే నయం, వారానికి రెండుసార్లు తలుపు తీస్తారు" అంది. నవ్వాను. తర్వాత అద్దంలోంచి థర్మామీటరు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను, పప్పు అడుగంటింది. ఆయన కింది నుంచి "మాడుతోంది" అని కేకేసేదాకా నాకు తెలియలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గరికి మరిది ఒక బ్రెడ్డు పట్టుకొచ్చాడు, కాగితం చుట్టిందే. బల్ల మధ్యలో పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిట్రా ఇది?" అన్నారు ఆయన.

"బ్రెడ్డే అన్నయ్యా. కాల్చుకోవడానికి స్టవ్వు అక్కర్లేదు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు, దానంతటదే అంటుకుంటుంది."

తొమ్మిదో బ్యాచ్. కాగితం కంపెనీ నుంచి బేకరీకి, బేకరీ నుంచి ఇళ్ళకు వెళ్ళి, అంతా తిరిగి వచ్చింది. ఎవరో పిల్లాడు నోట్లో పెట్టుకుని ఉమ్మేశాడట.

ఆయన బ్రెడ్డు ముక్కు దగ్గర పెట్టుకుని తల వెనక్కి లాక్కున్నారు. మేస్త్రిని పైకి పిలిచారు. అతను వాసన చూసి పెదవి విరిచాడు. తర్వాత నా వంతు.

కళ్ళు మూసుకున్నాను. రెండు చిన్న ఊపిర్లు. మెత్తగా తగిలింది బ్రెడ్డు. అంతే. కాని రెండైతే ఆయన ముక్కు ముడుస్తారు, మూడైతే తల వెనక్కి లాక్కుంటారు, నాలుగైతే లేచి వెళ్తారు. ఇరవై ఆరేళ్ళ కాపురం.

"మూడు" అన్నాను.

"అదీ ముక్కంటే!" మరిది బల్ల చరిచాడు. "కాగితం కంపెనీలో ముగ్గురు తలలు పట్టుకుని కూర్చుని తేల్చిందీ మూడే."

నాకు గర్వంగా అనిపించింది. అనిపించింది కనుక రాస్తున్నాను.

అప్పుడు మరిది మేస్త్రి వైపు తిరిగాడు. "లారీ ఎక్కేముందు వదిన చూసింది, ఒకటి. ఇప్పుడూ వదినే చూసింది, మూడు. వదిన ముక్కు అబద్ధం చెప్పదు. మధ్యలో ఏం చేశావు? వడగట్టని పలకలు గాని ఎక్కించావా?"

"లేదు బాబూ."

"మట్టి మిగుల్చుకున్నావా?"

"అయ్యో, మట్టి నేనేం చేసుకుంటాను బాబూ?"

"మరి వాసన ఎక్కడి నుంచి వచ్చింది, ఆకాశం నుంచి ఊడిపడిందా?"

మేస్త్రి నావైపు చూశాడు. నేను గిన్నెలు తీయడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 24, సోమవారం

మేస్త్రిని నెలాఖరు వరకే ఉండమన్నారు.

ఈరోజు చెప్తాను. కాఫీ ఇచ్చేటప్పుడు.

మరిది కూడా పక్కనే కూర్చున్నాడు. ఇద్దరి ముందూ ఎలా చెప్పను? రేపు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఆయన పొద్దున్నే బయటికి వెళ్ళారు.

పన్నెండో బ్యాచ్. వాసన: 1.

ఫిబ్రవరి 26, బుధవారం

చెప్పలేదు.

చెప్తే ఏమవుతుందో వరసగా రాసుకుంటే ధైర్యం వస్తుందేమో. ఒకటి, మేస్త్రి పని నిలుస్తుంది. రెండు, జనవరి నుంచి వెళ్ళిన చీటీలన్నీ దొంగవని తేలుతుంది. మూడు, కాగితం కంపెనీ ఆయన బేరం పోతుంది. నాలుగు, నేను

నాలుగు తర్వాత రాస్తాను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది ప్రాణం. చెప్పినా నలుగుతాను, చెప్పకపోయినా నలుగుతాను. నలిగేది నేను కాదు, మేస్త్రి. అది సరిగ్గా రాయాలి.

ఫిబ్రవరి 27, గురువారం

మేస్త్రి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి ఎప్పుడూ రాడు. చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు. పదమూడో బ్యాచ్ ఉదయమే మొదలైంది, గది 32.

"అమ్మగారూ, ఒక మాట. అయ్యగారికి చెప్పొద్దు."

"చెప్పు."

"తొమ్మిదోది లారీ ఎక్కిస్తుంటే నాకు వాసన వచ్చింది."

చేతిలో గరిటె అలాగే ఉంది. "మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఒకటి అన్నారు కదా. నా ముక్కే చెడిందేమో అనుకున్నా. ఇంటికెళ్ళి కళ్ళు మూసుకుని మా ఆవిడ చేత ఉల్లిపాయ, సబ్బు, బూటు పాలిషు ముక్కు దగ్గర పెట్టించుకున్నా. అన్నీ చెప్పేశా. పిచ్చి పట్టిందా అని తిట్టింది." నవ్వాడు. "అన్నీ సరిగ్గా చెప్పినా నమ్మకం కలగలేదు అమ్మగారూ. అమ్మగారు ఒకటంటే ఒకటే. ఇన్నేళ్ళు మీ ముక్కుతోనే వాసన చూశాం, నాకంటూ ముక్కొకటుందని మరిచిపోయా. ఆ రోజు నోరు తెరిచి ఉంటే పలకలు ఆగేవి. తప్పు నాదే. అది చెప్పిపోదామని వచ్చా."

నా తప్పుకు తను క్షమాపణ చెప్పి చెప్పులు వేసుకుని దిగిపోయాడు.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. మెట్ల మీద అడుగు పెట్టలేదు. కూర మాడుతుందేమోనని వెనక్కి వచ్చాను. కూర మాడలేదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చెప్పేశాను.

ఉదయం తొమ్మిదింటికి. ఆయన కింద ఆఫీసు గదిలో లారీ కాగితాలు చూసుకుంటున్నారు. తలుపు దగ్గరగా వేశాను.

"ఏమండీ, నాకు వాసన తెలియడం లేదు."

తల ఎత్తలేదు. "జనవరి నుంచీ కదా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను, జ్వరం వచ్చిన దగ్గర్నుంచి అని.

"అదే అంటున్నాను. జ్వరం తగ్గిన రెండో రోజు పొయ్యి వెలిగించకుండా గ్యాసు తిప్పి వదిలేశావు. వంటిల్లంతా గ్యాసు. నువ్వు ఆ మధ్యలో కూర్చుని బీన్స్ తరుగుతున్నావు. నేనే కట్టేసి కిటికీలు తీశాను. ఉక్కగా ఉంది, గాలి కోసం తీశానన్నాను."

"మరి నాతో అనలేదేం?"

"నువ్వు నాతో అనలేదుగా."

కుర్చీ ఉంది, కూర్చోవాలని తోచలేదు. "మరి సీసాలు? చీటీలు?"

"ముక్కు తిరిగొస్తుంది అనుకున్నాను. ఈలోగా ఎవరికి చెప్పినా బయట పరీక్షకు పంపమంటారు. ఈ స్లాక్ అక్కడ గట్టెక్కదు. రెండుసార్లు చెమట పట్టించి రెట్టింపు మట్టి వేస్తే గాని ఆ వాసన పోదు. అంత చేస్తే మనకు మిగిలేదేమిటి?"

"ఇదంతా తెలిసే కొన్నారా?"

అప్పుడు తల ఎత్తి, విషయం వివరించేవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడారు. తిట్టినట్టు కాదు. "నీ ముక్కు బాగుంటే ఈ సరుకు కొనేవాణ్ణే కాదు."

మేస్త్రి సంగతి అడిగాను.

"వాడికి ఇంకో చోట పని దొరుకుతుంది. ఎవరో ఒకరు చేశారని చెప్పకపోతే కాగితాలాయన ఊరుకోడు. నీ పేరు చెప్పమంటావా?"

నేను పైకి వచ్చేశాను. అద్దంలోంచి చూశాను. 43.5. ఎంత ఉండాలో అంతే ఉంది.

నాలుగోది ఇప్పుడు రాస్తాను. నాలుగు, ఈ ఇంట్లో ఇక నేనెందుకు అని భయపడ్డాను. ముక్కు పోతే నన్ను పక్కన పెడతారని. ఆ భయం అక్కర్లేదు. ముక్కు పోయాకే నేను ఎక్కువ పనికొస్తున్నాను.

సాయంత్రం మేస్త్రి వెళ్ళిపోయాడు. టిఫిన్ క్యారియరు, ఒక తువ్వాలు.

మార్చి 3, సోమవారం

మరిది కొత్త చీటీలు అచ్చు వేయించాడు. బ్యాచ్ నంబరు ఖాళీ, తేదీ ఖాళీ, "వాసన: 1" అచ్చులోనే. కింద సంతకానికి గీత.

"వదినా, నీకు శ్రమ తగ్గించాను. గీత మీద గీత గీస్తే చాలు."

మరిదికి తెలుసా తెలియదా? నవ్వుతూనే ఉన్నాడు. అతను ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.

పదమూడో బ్యాచ్ కొవ్వొత్తుల వాళ్ళకు వెళ్తోంది. కొవ్వొత్తి ఎవరూ తినరు. సంతకం పెట్టాను.

మార్చి 4, మంగళవారం

మేస్త్రి బదులు వచ్చినతను మైనం పూర్తిగా గడ్డకట్టకముందే ట్రేల కింది నీళ్ళు వదిలేశాడు. పట్టు లేక మైనం మొత్తం జల్లెడలోంచి జారి కాలువలో పడింది. పద్నాలుగో బ్యాచ్ పోయింది. మరిది గదిలో అడుగుపెట్టి జారి కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వు వచ్చి వంటింట్లోకి వచ్చేశాను. నవ్వు ఎంతకీ ఆగలేదు. చివరికి అది నవ్వు కాదు.

మార్చి 5, బుధవారం

పాడైన సరుకుకు బదులుగా పదిహేనో బ్యాచ్ కాగితం కంపెనీకే పంపుతారట. అదే స్లాక్. మట్టి ఎప్పటిలాగే.

సోమవారం లారీ. చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. బ్యాచ్ 15. వాసన: 1.

ఇది కొవ్వొత్తి కాదు.

మార్చి 6, గురువారం

ఉదయం పదకొండింటికి ఆయన, మరిది బ్యాంకుకు వెళ్ళారు. కాగితం కంపెనీ ఆయన నంబరు లారీ పుస్తకంలో ఉంది. మూడుసార్లు సగం నొక్కి ఆపాను.

"ఎవరండీ?"

"మైనం చీటీలు రాసేదాన్ని."

"ఓహో, ముక్కుగారా! ఇన్నేళ్ళు చీటీ చూడటమేగాని గొంతు వినడం ఇదే. చెప్పండమ్మా."

కాగితం మీద రాసుకున్నది చదివాను. లేకపోతే సాగదీసేదాన్ని. "జనవరి మూడో వారం నుంచి నాకు వాసన తెలియదు. నాలుగో బ్యాచ్ నుంచి చీటీల మీద ఉన్న నంబర్లు నేను చూసి రాసినవి కావు. తొమ్మిదోది చెడింది మా మేస్త్రి వల్ల కాదు. సరుకులోనే ఉంది ఆ వాసన. అతనికి తెలిసింది. నా మాట మీద అతను ఆగాడు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత, "ఆ బ్రెడ్డు మా మనవరాలూ తిందమ్మా" అన్నాడు.

చేతిలో కాగితం మడిచేశాను.

"మీ దగ్గర ముక్కున్న మనిషి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నాడు. పంపేశారు."

"అతని సంతకం ఉంటే లారీ నా గేటులోకి వస్తుంది. లేకపోతే రాదు. మీ వారితో నేనే మాట్లాడతాను."

ఫోను పెట్టాక చేతులు గోడకు ఆనించాను. గోడ ఎప్పటిలాగే వెచ్చగా ఉంది.

మార్చి 7, శుక్రవారం

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. మరిది ఒక్క మాట అన్నాడు. "కంచే చేను మేసిందంటే విన్నాను వదినా. ఈరోజు కళ్ళారా చూశాను."

"మేసింది నేను కాదు" అన్నాను.

ఆయన అన్నం తిని, చేయి కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి, "వాణ్ణి పిలిపించాను. నీ ఇష్టప్రకారమే జరుగుతోందిగా" అన్నారు. ఇరవై ఆరేళ్ళలో నా ఇష్టప్రకారం జరిగింది ఇదొక్కటేనని ఆయనే చెప్పారు, నేననలేదు.

మార్చి 8, శనివారం

మేస్త్రి వచ్చాడు. టిఫిన్ క్యారియరు కొక్కేనికి తగిలించి, ట్రేలు ఒక్కొక్కటే చూసి, కొత్తతను జల్లెడలు ఎంత వంకరగా బిగించాడో చూపించాడు. నాతో మామూలుగానే మాట్లాడాడు. మామూలు కంటే ఒక మాట తక్కువగా.

కాఫీ ఇచ్చాను. "నీకు అన్యాయం చేశాను మేస్త్రీ" అన్నాను.

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, కిందికి చూస్తూ అన్నాడు, "పన్నెండు రోజులమ్మగారూ. బ్రెడ్డు బల్ల మీద పెట్టిన రోజు నుంచి మీరు ఫోను చేసిన రోజు దాకా. మా ఆవిడ లెక్కపెట్టింది."

నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టాను. లెక్క సరిగ్గానే ఉంది.

మార్చి 10, సోమవారం

పదిహేనో బ్యాచ్. మరక చిన్నది. రంగు తెలుపు. కరిగే వేడి 57.

ఉదయం ఎనిమిదింటికే లారీ వచ్చింది. డ్రైవరు మధ్యమధ్యలో హారను కొడుతున్నాడు. ఆయన ఆఫీసు గుమ్మంలో, మరిది మెట్ల మీద. సీసా గంట సేపు వెచ్చబడింది. మేస్త్రి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాడు.

మూత తీశాడు. రెండు చిన్న ఊపిర్లు, అచ్చం నాలాగే. తర్వాత తల ఎత్తి నా మొహం చూశాడు.

నేనేమంటానో చూస్తున్నాడు. అలవాటు. నాకేమీ తెలియదని తెలిసి కూడా.

"నన్ను చూడకు మేస్త్రీ" అన్నాను. అయినా చూస్తున్నాడు. కళ్ళు ఒకసారి ఆయన వైపు వెళ్ళి మళ్ళీ నా దగ్గరికి వచ్చాయి. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, మొన్ననే తిరిగొచ్చిన పని. ఏ నంబరు చెప్తే ఆ పని ఉంటుందో నా మొహంలో వెతుక్కుంటున్నాడు.

నేను వెనక్కి తిరిగి గోడకు ఎదురుగా నిలబడ్డాను. సున్నం పెచ్చు ఒకటి లేచి ఉంది. దాన్నే చూస్తున్నాను. హారను మోగింది. మరిది "తొందరగా కానీ" అన్నాడు. మళ్ళీ మూత తీసిన చప్పుడు.

"మూడు" అన్నాడు మేస్త్రి.

మొదటిసారి మెల్లగా. రెండోసారి మెట్ల దాకా వినిపించేలా. "మూడు అమ్మగారూ. మూడుకు తక్కువ లేదు."

అచ్చు చీటీ మీద ఒకటి కొట్టేసి మూడు వేశాను. సంతకం అతని చేత పెట్టించాను. రిజిస్టరులో కూడా రాశాను. మరిది మెట్లు ఎక్కి పైకి వెళ్ళిపోయాడు. ఆయన చీటీ తీసుకుని సంతకం చూశారు. తర్వాత, "ట్రేలు మళ్ళీ పొయ్యండి. ఈసారి మట్టి రెట్టింపు" అని, నావైపు చూడకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

అంటే ఇంకో నలభై గంటలు. గది మళ్ళీ 30 నుంచి.

"థర్మామీటరు ఎవరు చూస్తారు అమ్మగారూ?" అన్నాడు మేస్త్రి.

"నీకు అంకెలు చదవడం రాదా?"

"ఎందుకు రాదు."

"అయితే ఇంకేం?"

తువ్వాలు భుజాన వేసుకుని ట్రేల దగ్గరికి వెళ్ళాడు.

లారీ ఖాళీగా వెనక్కి తిరిగింది. గేటు తీయడానికి ఎవరూ రాలేదు, నేనే వెళ్ళి తీశాను. డ్రైవరు, "మళ్ళీ ఎప్పుడు రమ్మంటారమ్మా?" అని అడిగాడు. గురువారం అన్నాను, అలవాటుగా. తర్వాత, "మేస్త్రిని అడుగు" అన్నాను.

లారీ మలుపు తిరిగింది. దుమ్ము దిగేదాకా గేటు పట్టుకుని, బయటి వైపు నిలబడి ఉన్నాను.